బెత్తెడు కింద

ఏరుడు 1011
శ్రావణ అమావాస్య మర్నాడు

కేంద్రం: ఒడ్డు సంస్థ, ఉప్పుమొగ. ఏరినవాళ్ళు: కేంద్రం బాధ్యురాలు ముక్తేశ్వరి, అంటే నేను; మడ నారు పెంచే మంగాయమ్మ. నడిచింది: వంద గజాలు. రాతిస్తంభం నుంచి పోటు గీత దాకా, అంటే నీళ్ళు ఎక్కే హద్దు దాకా: అరవై ఒక్క అడుగులు. దొరికిన ప్లాస్టిక్ ముక్కలు: మూడు.

మామూలుగా ఈ పేజీ ఇక్కడితో అయిపోవాలి. అమావాస్యకీ పౌర్ణమికీ మర్నాడు, నీళ్ళు బాగా వెనక్కి తీసినప్పుడు, ఒడ్డంతా నడిచి ఏరడం, లెక్కపెట్టడం, రాయడం. ఇరవై ఆరేళ్ళుగా ఇదే నా పని. ఇవాళ మాత్రం "మూడు" అని రాశాక కలం ముందుకు కదల్లేదు. నాలుగేళ్ళుగా ఈ గడిలో సున్నా తప్ప ఇంకో అంకె పడలేదు. సముద్రం మీద మింగుడు చల్లిన దగ్గర్నుంచి ఎండా ఉప్పుగాలీ తగిలేచోట ప్లాస్టిక్ పక్షం రోజులు కూడా నిలవదు. నా వానకోటు దండెం మీద ఆరేసి మరిచిపోతే రాగిజావలా కారిపోయింది. అందుకే ఇక్కడ బ్రష్షుకి వేపకర్ర పిడి, నీళ్ళకి ఇత్తడి బాల్చీ, పడవకి కొబ్బరిపీచు తాడు. మింగుడంటే కంటికి కనపడని క్రిములని పిల్లలకి చెబుతాం. మంగాయమ్మ మాత్రం దాన్ని "ఆ తిండిపోతుది" అంటుంది.

మరి ఈ మూడు నీలిదారం ముక్కలు ఎక్కడివి? ఒక్కొక్కటీ వేలెడు పొడవు. ఇంకా మెత్తబడనైనా లేదు. అంటే మొన్నమొన్నటిదాకా ఎండ మొహం చూడనివి. సముద్రం తెచ్చిందనుకుంటే దారిలోనే మింగుడు తినేసి ఉండేది.

"పైనుంచి పడ్డాయేమో," అన్నాను.

"కాకులు వలలల్లడం ఎప్పుడు నేర్సినియ్యండీ?" అంది మంగాయమ్మ.

నియమం ప్రకారం బెత్తెడు లోతు దాకా ఇసుక జల్లెడ పట్టాను. ఆ కింద తవ్వకూడదు. తవ్వితే తాబేలు గుడ్లూ పీత బొరియలూ పాడవుతాయని సంస్థ పెట్టిన పెద్దలు మొదటిరోజే రాసిపెట్టారు. నలభై ఏళ్ళలో ఎవరూ ఆ హద్దు దాటలేదు. నేనైతే అసలే దాటను. నియమం అంటే నాకు ప్రాణం. ఈ సంగతి తెలిసినవాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారని కూడా నాకు తెలుసు.

ఆశ్వయుజ అమావాస్య దాటాక ఇక్కడ ఇసుకలోకి కూడా మింగుడు పోస్తారు. అది చీకట్లో పనిచేసే కొత్తరకం. మా సంస్థకున్న నలభై ఒక్క కేంద్రాల్లో నలభై చోట్ల పోసేశారు, "నిర్మల తీరం" అని ఇత్తడి పలకలు బిగించేశారు. కాలవ దాటి పడవలో రావాలి కాబట్టి మాది ఆఖరి వంతు. పలక బిగించిన మర్నాడు నేను ధవళేశ్వరంలో మా చెల్లెలింటికి వెళ్ళిపోవచ్చు. ఆ పలక కోసం నా మోకాళ్ళు రెండూ అరగదీసుకున్నాను. ఇంతలో ఈ మూడు ముక్కలేమిటి?

బుధవారం, పాఠం రోజు

ఊళ్ళోంచి అయిదో తరగతి పిల్లలు వచ్చారు. ఊరంటే నలభై మూడు ఇళ్ళు, మా మడచెట్ల వెనకాలే. నల్లగుడ్డ తీసి గాజుసీసా చూపించాను. అందులో పాత కాలపు చేతిసంచి ఒకటి ఉంది, పల్చటి తెల్ల ప్లాస్టిక్‌ది.

"ఎన్నేళ్ళు వాడేవారు టీచర్?" అని అడిగింది ఒక పిల్ల.

"అంగడి నుంచి ఇంటికి వచ్చేదాకా."

అందరూ ఘొల్లున నవ్వారు. నేను కోతలు కోస్తున్నాననుకున్నారు. తర్వాత సముద్రంలోకి ఎలా చేరేదో చెప్పాను. మా పెద్దలు సముద్రం అడుగున చిక్కుకున్న రెండువందల పన్నెండు వలలని ఎలా తీశారో చెప్పాను. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ గొంతు కొంచెం పెద్దదవుతుంది.

"తీసి ఎక్కడ పెట్టారు?" అంది ఆ పిల్లే.

"తీసేశారు," అన్నాను.

"తీసేసి?"

ఊళ్ళో బడి బెల్లు కొట్టారు. పాఠాల్లో నాకు బాగా నచ్చేది బెల్లే.

ఏరుడు 1012
భాద్రపద పౌర్ణమి మర్నాడు

ముక్కలు: పంతొమ్మిది. స్తంభం నుంచి పోటు గీత: యాభై ఎనిమిది అడుగులు.

మూడడుగులు ఎక్కడికి పోయాయి? టేపు తప్పనుకుని ఇంకో టేపు తెచ్చాను. అదీ యాభై ఎనిమిదే అంది. ఆకాశంలో ఎగిరి కొలిచే మా యంత్రాన్ని "కొంగ" అంటాం; దాన్ని లేపాను. అదీ అంతే. మంగాయమ్మ మూరలేసి కొలిచి, వేళ్ళు మడిచి, "ఆయ్, తగ్గిందండి. మీరింకో నాలుగు టేపులు తెచ్చినా తగ్గిందే," అంది.

పంతొమ్మిదీ నీలిరంగువే. పిల్లలెవరైనా గాజుసీసా తెరిచి ఆటలాడుతున్నారేమోనని అనుమానం వచ్చి బీరువా తీసి చూశాను. సీసా మూత మూసినట్టే ఉంది. పైగా అందులో ఉన్నది తెల్లది. తెల్లసంచి నుంచి నీలిదారాలు ఎలా వస్తాయని నన్ను నేనే తిట్టుకున్నాను. సముద్రం ఇంత శుభ్రంగా నా జన్మలో లేదు. ఒడ్డు మీద మాత్రం ప్లాస్టిక్ పెరుగుతోంది. ఇక ఒడ్డేమో తరుగుతోంది. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదిరిందో నాకు పాలుపోవడం లేదు.

ఏరుడు 1013
భాద్రపద అమావాస్య మర్నాడు

ముక్కలు: అరవై నాలుగు. దూరం: యాభై ఏడు.

ఇవాళ దొంగ దొరికాడు. ముందు వరస మడచెట్ల మొదట్లో, వైశాఖం తుఫానుకి ఇసుక పల్చబడి, పోటు పోటుకీ ఇంకాస్త జారిపోతున్నచోట, చీర కుచ్చెళ్ళలా నీలివల అంచు బయటికి కనిపిస్తోంది. పట్టుకుని లాగాను. గజం పొడవు వచ్చి బిగిసిపోయింది. ముక్కలన్నీ దీని నుంచే తెగి పడుతున్నాయి.

సంతోషించాలో బెంగపడాలో తెలియలేదు. పాత రిజిస్టరు తీశాను. "ఉప్పుమొగ. తీసిన వలలు: 212. మిగిలినవి: లేవు." కింద పెద్దల సంతకాలు. లేవని సంతకం పెట్టిన వల నా చేతిలో ఉంది!

కాకినాడలో మా ముఖ్య కార్యాలయానికి కబురు పెట్టాను. మింగుడు విభాగం చూసే డాక్టర్ ఇందుమౌళి గంటలో బదులిచ్చింది. "అద్భుతం మేడమ్! ఈ తీరంలో చేత్తో తీసిన చివరి వల ఇదే అవుతుంది. తీయించి చీకటి కొట్లో భద్రంగా పెట్టండి. పలక బిగించే రోజు అందరికీ చూపిద్దాం."

నాకు ఒళ్ళు పొంగింది. దాచడమెందుకు.

ఆశ్వయుజ శుద్ధ దశమి

వల లాగాం. ఊళ్ళోంచి ఇరవై నలుగురు వచ్చారు. ఒడ్డు నుంచి అలివి వల లాగినట్టే లాగాలన్నారు వాళ్ళు. అది వాళ్ళ తాతల నాటి విద్య. రెండు కొసలకీ రెండు తాళ్ళు కట్టి, రెండు వరసలుగా నిలబడి, ఒకళ్ళు పాట అందుకుంటే మిగతావాళ్ళు ఊతమిస్తూ, అడుగు వెనక అడుగు. ఎక్కడా ఒక్క కుదుపు లేదు. ఎక్కడా తెగలేదు. నేలలోంచి ఒక వల, దానికి చిక్కుకుని ఇంకోటి, దాని వెనక తాళ్ళ ముద్ద. అంత చక్కటి పని నేను చూడలేదు.

మంగాయమ్మ తాడు పట్టుకోలేదు.

"సెట్టు మొదట్లో ఉన్నదాన్ని లాగొద్దండి మేడంగారూ. ఎప్పట్నించి ఉందో ఏటో. దాని మానాన దాన్నొదిలెయ్యండి."

"నీకు ప్రతిదానికీ చెట్టే మంగాయమ్మా," అన్నాను.

"ఆయ్, నాకు సెట్టే. మీకు లెక్క."

చురుక్కుమంది గానీ నవ్వేశాను. రెండు బళ్ళ వల చీకటి కొట్లో చేరింది. పైన గోనెపట్టాలు కప్పించాను. అందరికీ బెల్లం పానకం పంచాను. నాకైతే ఈ ఇరవై ఆరేళ్ళ పనికీ ఇవాళే ఫలితం దక్కినట్టు అనిపించింది.

ఏరుడు 1014
ఆశ్వయుజ పౌర్ణమి మర్నాడు

ముక్కలు: సున్నా. దూరం: నలభై నాలుగు అడుగులు.

నలభై నాలుగు. మూడుసార్లు కొలిచాను.

ముందు వరసలో తొమ్మిది మడచెట్లు సముద్రం వైపు పడుకుని ఉన్నాయి. పందొమ్మిదేళ్ళ కిందట మంగాయమ్మ ఒక్కో మొక్కా చంటిబిడ్డలా నడుం మీద మోసుకొచ్చి నాటినవి. గాలి లేదు, వాన లేదు. పౌర్ణమి పోటు మామూలుగానే వచ్చింది, అంతే. వంద గజాలు జల్లెడ పట్టాను. ఒక్క నూలుపోగంత ప్లాస్టిక్ కూడా లేదు. ఈ కేంద్రం చరిత్రలో ఇంత శుభ్రమైన రోజు లేదు, ఇంత నేల పోయిన రోజూ లేదు.

ఏం రాయాలి? ఎవరిని నిందించాలి? పోటునా? చంద్రుణ్ణా? కొంగ బ్యాటరీ మార్చి మళ్ళీ కొలిపించాను. నా పిచ్చి గానీ బ్యాటరీ మారిస్తే నేల వస్తుందా!

మంగాయమ్మ ఏమైనా అంటే బాగుండుననుకున్నాను, తిట్టినా సరే. ఆమె ఇల్లు చెట్ల వెనక మొదటి వరసలో మొదటిది.

మర్నాడు

పొద్దున్నే మంగాయమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. పడిపోయిన చెట్టు దగ్గర కూచోబెట్టి, వేళ్ళ మీది బురద నీళ్ళతో కడిగింది.

"సూడండి."

వేళ్ళ మధ్య నీలిదారాలు. ఒక వేరు, ఒక దారం, మళ్ళీ ఒక వేరు. ఆడపిల్ల జడలో రిబ్బను కలిపి అల్లినట్టు అల్లుకుని ఉన్నాయి. దారాలన్నీ కొసల్లో పుటుక్కుమని తెగి ఉన్నాయి. తెంపింది మేమే.

"ఈ సెట్టు మట్టిని పట్టుకోలేదండి. వలని పట్టుకుంది. ఆ వలేమో ఇసకని పట్టుకుంది. మనం లాగేసినాం."

"అన్ని చెట్లూనా?"

"ముందు రెండు వరసలూ ఇంతేనండి. నేను నాటినప్పుడు గునపం దిగేది కాదు. కింద ఏటో గట్టిగా ఉందనుకున్నా, మంచిదే కదాని ఊరుకున్నా. పక్కన ఎన్ని నాటినా పడిపోయేవి. ఇక్కడే నిలబడ్డాయి."

"నాకెందుకు చెప్పలేదూ?"

"మీరడిగేది బెత్తెడు వరకే కదండీ."

గదికి వచ్చి పాత రిజిస్టర్లన్నీ నేల మీద పరిచాను. నలభై ఏళ్ళ కాగితాల్లో వలలు తీసిన తేదీ ఉంది, తీసినవాళ్ళ పేర్లున్నాయి, ఎన్ని మూరల వలో ఉంది. తీసినదాన్ని ఏం చేశారో రాయడానికి గడే లేదు. అప్పట్లో కాలవ మీద వంతెన లేదు, ఇప్పుడూ లేదు. రెండువందల పన్నెండు వలలని పడవల మీద ఎవరు దాటించగలరు? ఒడ్డు మీదే గొయ్యి తీసి పూడ్చేసి ఉంటారు. బెత్తెడు లోతు దాటి తవ్వొద్దని నియమం పెట్టింది కూడా వాళ్ళే. తాబేళ్ళ కోసమే పెట్టారా? నాకు తెలియదు. వాళ్ళని నేను దేవుళ్ళలా చూసుకున్నాను. ఇవాళ వాళ్ళ మీద కోపమొస్తోంది, అంతలోనే ఆ పూడ్చిపెట్టడమే ఈ నలభై మూడు ఇళ్ళనీ ఇన్నేళ్ళు కాపాడిందని గుర్తొస్తోంది. ఏ మొహం పెట్టుకుని కోప్పడను?

రెండు రోజుల తర్వాత

దక్షిణాన పక్క కేంద్రం చింతమొగ. దాని బాధ్యుడు గోవర్ధనంగారు. నా కన్నా ఆరేళ్ళు పెద్ద, భోజనప్రియుడు, మాట మెత్తన. తొమ్మిది నెలల కిందట వాళ్ళకి ఇసుక మింగుడు పోసి పలక బిగించారు. రేడియోలో పిలిచాను.

"మీ దగ్గర ఒడ్డు ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా. అద్దంలా ఉంది."

"అది కాదండీ. స్తంభం నుంచి పోటు గీత దాకా ఎంత?"

"డెబ్బై అడుగులు. ఎప్పుడూ డెబ్బయ్యే."

గుండె కుదుటపడింది. నేననుకున్నదంతా తప్పేనేమో, మా చెట్లకి వేరే జబ్బేదో ఉందేమో. పెట్టేయబోతుంటే ఆయనే మళ్ళీ అన్నాడు.

"స్తంభం జరిపినప్పుడల్లా కొలుచుకునే పాతుతామమ్మా. డెబ్బయ్యికి అంగుళం తేడా రానివ్వను."

"స్తంభం జరపడమేమిటండీ?"

"నీళ్ళు దగ్గరికి వస్తే కొలవడం కష్టం కదా. వెనక్కి జరుపుకుంటాం. మీరు జరపరా?"

"మింగుడు పోశాక ఎన్నిసార్లు జరిపారు?"

రేడియోలో ఆయన రిజిస్టరు పేజీలు తిప్పుతున్న చప్పుడు వినపడింది.

"మూడుసార్లమ్మా," అన్నాడు చివరికి. "తుఫానులనుకున్నాను."

ఏరుడు 1015
ఆశ్వయుజ అమావాస్య మర్నాడు

ముక్కలు: సున్నా. దూరం: ముప్పై ఎనిమిది. మరో నాలుగు చెట్లు పోయాయి.

ఇందుమౌళి పడవలో వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, నెమ్మదస్తురాలు. వెంట ఆరు పీపాల మింగుడు, ఇత్తడి పలక. పలక మీద ఉప్పుమొగ అని చెక్కేశారు కూడా. చూడగానే నా చెయ్యి దాని మీదికి పోయింది, వెనక్కి తీసుకున్నాను.

జరిగిందంతా చెప్పాను. వేళ్ళు చూపించాను. ఆమె ఓపికగా విని తన పలకయంత్రం తెరిచింది.

"మేడమ్, నలభై కేంద్రాల లెక్కలూ ఇక్కడున్నాయి. ఎక్కడా తీరం అంగుళం కదల్లేదు."

"తీరం కదిలిందమ్మా. స్తంభాలు కూడా దానితోపాటే కదిలాయి. చింతమొగకి పిలిచి అడుగు."

పిలిచింది. తర్వాత ఇంకో కేంద్రం, ఇంకో కేంద్రం. ఏడో చోటు తర్వాత పిలవడం మానేసి మెట్టు మీద కూచుంది. ఆ పిల్ల మొహం చూస్తే జాలేసింది. నలభై పలకలూ ఆమె చేతిమీదుగా బిగించినవే.

"అయినా సరే వలని వదిలేద్దామని ఎలా అనగలను?" అంది. "చీకట్లో ఉన్నా వల అరుగుతుంది మేడమ్. ఆ పొడి మీ పీతల కడుపులో దొరికింది. నేనే పరీక్షించాను. ఆ పీతల్ని ఈ ఊరి పిల్లలు తింటున్నారు. ఇది కూడా నిజమే కదా?"

నిజమే. నేను ఇరవై ఆరేళ్ళుగా ఆ పిల్లలకి చెబుతున్న పాఠమే అది. మంగాయమ్మ వైపు చూశాను.

"నువ్వు చెప్పు. నీ ఇల్లు, నీ చెట్లు. ఏం చెయ్యమంటావు?"

"ఉంటే ఇసం, తీత్తే సముద్రం. నన్నడుగుతారేటండీ? సదువుకున్నోళ్ళు మీరు." ఆమెకి కోపం వచ్చింది. నాకు తెలిసి మొదటిసారి. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. "నల్లమడ సొంతంగా నేలని పట్టుకోవాలంటే ఇంకో పదేళ్ళు కావాలండి. వెనకాల పొన్న కూడా పెడితే ఎనిమిది. ఎనిమిదేళ్ళు ఆగమనండి ఆ తిండిపోతుదాన్ని. తర్వాత మా పిల్లలే సూసుకుంటారు."

"ఎనిమిదేళ్ళు పీతలు?"

"మానేత్తాం. ఈ కాలవలో పీతలు మానేత్తాం. ఇల్లు మానెయ్యలేం కదండీ."

ఇందుమౌళి కాగితం నా ముందు పెట్టింది. అందులో రెండే గళ్ళు. శుభ్రం, అశుభ్రం. పైన ఏరేదేమీ మిగల్లేదని, శుభ్రమని టిక్కు పెడితే ఇసుకలోకి పోయడానికి పీపాలు తెరుస్తారు. అశుభ్రమని పెడితే పడవలో తిరిగి వెళ్ళిపోతాయి, నేను ఇక్కడే ఉండిపోతాను.

నేను చేసేది సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎనిమిదేళ్ళ తర్వాత ఏ పిల్లకైనా ఏమైనా అయితే ఆ పాపం నాదే. ఇప్పుడు పోటు వచ్చి ఇల్లు పోతే అదీ నాదే. పెన్ను చేతిలో పెట్టుకుని అలాగే కూచుంటే టీ చల్లారిపోయింది. అశుభ్రం దగ్గర టిక్కు పెట్టాను. నా చేత్తో, ఉప్పుమొగ మీద. సంతకం పెట్టేటప్పుడు ఏడ్చాను. దాచడమెందుకు.

కార్తీక శుద్ధ చవితి

రెండు బళ్ళ వలనీ తిరిగి పాతిపెట్టాం.

లాగినవాళ్ళే ఇరవై నలుగురూ వచ్చారు. మబ్బు పట్టిన రోజు చూసుకున్నాం, ఎండ తగిలితే వల జావైపోతుంది. కోసుకుపోయిన చోట మోకాలి లోతు గొయ్యి తీసి, అంచులు చెట్ల వేళ్ళ కింద దోపి, పైన బురద, బురద మీద ఇసుక. నా జన్మలో ఒడ్డు మీదినుంచి తీయడమే గానీ పెట్టింది లేదు. మొదటి గంట నా చేతులు మాట వినలేదు. ముడి చేతికి తగిలితే చాలు, అలవాటుగా బయటికే లాగుతున్నాయి.

"లోపలికండి మేడంగారూ, లోపలికి," అని మంగాయమ్మ నా మణికట్టు పట్టుకుని తోసింది.

ఇందుమౌళి వెళ్ళలేదు. పీపాలు మాత్రం పంపేసి, పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి గోతిలో దిగింది. పైన మంగాయమ్మ మూడువందల పొన్న మొక్కలు నాటించింది. బుధవారం పిల్లలకి పాఠం ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. ఈసారి బెల్లు కొట్టినా ఆపకూడదనుకుంటున్నాను.

ఏరుడు 1016
కార్తీక పౌర్ణమి మర్నాడు

మూడు రోజులు తుఫాను. పౌర్ణమి పోటూ దానితో కలిసింది. ఊరివాళ్ళంతా బడిలో తలదాచుకున్నారు. ఇవాళ నీళ్ళు తీశాక నేనూ మంగాయమ్మా వెళ్ళాం. ఆమె ముందు నడిచింది, నేను వెనక. చెట్లు ఉన్నాయా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

చెట్లున్నాయి. రెండు వంగాయి, ఒక్కటీ పోలేదు. పొన్న మొక్కలు సగం కొట్టుకుపోయాయి. ఆమె ఇంటి అరుగు దాకా నురగ వచ్చిన గుర్తుంది, లోపలికి రాలేదు. మంగాయమ్మ అరుగు మీద కూలబడి, "ఉందండీ, ఇల్లుందండీ," అని అరడజను సార్లు అంది. నేను ఆమె పక్కనే కూలబడ్డాను.

దూరం: ముప్పై ఏడు అడుగులు. దొరికిన ముక్కలు: పదకొండు, నీలివి. ఇసుకలో: మేం పాతిన రెండు బళ్ళ వల, పెద్దలు పాతినది ఎంతో తెలియదు.

మధ్యాహ్నం పడవలో గోవర్ధనంగారు వచ్చారు. మనిషి సగమయ్యాడు. చింతమొగలో కేంద్రం భవనం, దాని వెనక పన్నెండు ఇళ్ళు పోయాయి. మనుషుల్ని ముందే తరలించడం వల్ల ప్రాణాలు దక్కాయి. ఆయన చేతిలో మిగిలింది తడిసిన రిజిస్టరొక్కటే. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాడు. గోవర్ధనంగారు అన్నం వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక మాట అడుగుతానమ్మా, ఏమీ అనుకోవద్దు," అన్నాడు. "మీ దగ్గర వల ఏమైనా మిగిలిందా? ఒక బండి చాలు. అరబండైనా సరే. మా దగ్గర మింగుడు ఒక్క దారం కూడా వదల్లేదు. మొక్క పెడితే నిలబడ్డానికి ఏమీ లేదు."

ముప్పై నాలుగేళ్ళు ప్లాస్టిక్ ఏరిన మనిషి నా గుమ్మంలో నిలబడి ప్లాస్టిక్ అడుగుతున్నాడు. మంగాయమ్మ వైపు చూశాను.

"ఉన్నదంతా మా ఇంటి కిందే ఉందండి బాబుగారూ. కదిపితే మేం పోతాం," అంది ఆమె. "నారుంది. నాలుగొందలు పట్టుకెళ్ళండి. పీచుతాడుతో వలలల్లి కింద పరిసి నాటుదాం, నేనొచ్చి సూపిత్తాను. రెండేళ్ళు ఆగుతాదో లేదో సెప్పలేను."

ఆయన తలూపాడు. తర్వాత తడి రిజిస్టరు తెరిచి నా బల్ల మీద పెట్టాడు. ఇవాళ ఏరుడు రోజు. గడి ఖాళీగా ఉంది.

"దూరం ఎంతని రాయను?"

"స్తంభం మొట్టమొదట ఉన్న చోటు నుంచి రాయండి."

"అది సముద్రంలో ఉంది కదమ్మా."

"ఎంత లోపల?"

పెదవులు కదుపుతూ మూడు జరుపుళ్ళూ కూడుకున్నాడు, ఈ తుఫానుకి పోయినదీ కలిపాడు. కలం తీసుకుని, గడిలో ముందు తీసివేత గుర్తుగా ఒక అడ్డగీత గీశాడు. దాని పక్కన నూట తొంభై అని వేశాడు. పేజీ నా వైపు తిప్పి, "ఇది సరిగ్గా ఉందా అమ్మా?" అని అడిగాడు.

సరిగ్గా ఉందన్నాను. ఆయన రిజిస్టరు మూసి, దాని మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మంగాయమ్మ నారు కట్టలు కట్టడానికి లేచింది.